ఆ సీసాలో లేనిదే మీకు కావాల్సింది

ప్రశ్న: నా వయసు 56. షుగర్ బయటపడి తొమ్మిదేళ్లయింది. అప్పటి నుంచీ మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, ఇప్పుడు 1000 మి.గ్రా. బిళ్ల ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. బీపీకి నీటి మందు కలిసిన బిళ్ల, కడుపులో మంటకు పరగడుపున ఒక బిళ్ల మూడేళ్లుగా నడుస్తున్నాయి. మాంసం, చేప, గుడ్డు తినను. వేలు గుచ్చి చూసుకుంటే పరగడుపున 120–130, ఉదయం తిన్న రెండు గంటలకు 165–175 ఉంటోంది. కానీ మూడు నెలల సగటు పరీక్ష ఆరు నెలల కిందట 7.1 ఉన్నది ఇప్పుడు 7.8 వచ్చింది. హిమోగ్లోబిన్ 10.2. రాత్రిళ్లు పాదాలు తిమ్మిరెక్కి చీమలు పాకినట్టు ఉంటోంది. షుగర్ తగ్గుతుందని మా అమ్మాయి విటమిన్లు, ఖనిజాలు కలిసిన క్యాప్సూళ్ల సీసా పంపింది. చేతికి షుగర్ చూపించే సెన్సర్ కూడా పెట్టించింది, ఇప్పుడు రెండోది నడుస్తోంది. మూడు వారాలుగా క్యాప్సూళ్లు వేసుకుంటుంటే సెన్సర్‌లో షుగర్ తగ్గకపోగా పెరిగినట్టు కనిపిస్తోంది. లేబుల్ ఫొటో పంపుతున్నాను. ఈ విటమిన్లతో షుగర్ అదుపులోకి వస్తుందా? వస్తే మెట్‌ఫార్మిన్ ఒక పూటకు తగ్గించుకోవచ్చా? దయచేసి చెప్పగలరు. – ఓ సోదరి

సమాధానం: ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెప్పేస్తానమ్మా. మిగతాదంతా చదివేలోపు రాత్రి బిళ్ల మానేస్తారేమోనని నా భయం. మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు తగ్గించకండి. అమ్మాయి పంపిన సీసాను మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మూడు వారాలు వేసుకున్నందుకు కొంప మునిగిపోయిందని కాదు. మీ ఒంట్లో అసలేం జరుగుతోందో తెలుసుకోవడానికి అది అడ్డుపడుతోంది.

మీరు పంపిన ఫొటోను పెద్దది చేసుకుని లేబుల్ మొత్తం చదివాను. రోజుకు రెండు క్యాప్సూళ్లు వేసుకుంటే క్రోమియం పికోలినేట్ రూపంలో క్రోమియం 200 మైక్రోగ్రాములు, మెగ్నీషియం ఆక్సైడ్ 500 మి.గ్రా., జింక్ 15 మి.గ్రా., సెలీనియం 200 మైక్రోగ్రాములు, విటమిన్-డి 1000 యూనిట్లు, విటమిన్-సి 1000 మి.గ్రా., బి6 50 మి.గ్రా., బయోటిన్ 5 మి.గ్రా. అందుతాయి. అందరూ వచ్చారు, విటమిన్ బి12 ఒక్కటే రాలేదు. పెళ్లి సందట్లో తాళి కట్టడం మరిచాడట అని ఊరికే అనలేదు పెద్దలు. మీ ఉత్తరం సగం చదివేసరికే నా మనసులో మెదిలిన పేరు అదే.

మెట్‌ఫార్మిన్ మంచి మందు. ఎన్నో దశాబ్దాలుగా కోట్ల మంది వాడుతున్నారు, నేనూ రోజూ రాస్తాను. దానికి ఒక్క దురలవాటు ఉంది. తిండిలోని బి12 చిన్నపేగు చివరి భాగంలో ఒంట్లోకి వెళుతుంది. ఆ గుమ్మం దాటడానికి దానికి కాల్షియం తోడు కావాలి. మెట్‌ఫార్మిన్ ఆ తోడును చెడగొడుతుందని శాస్త్రవేత్తల ఆలోచన. మందు వల్ల బి12 తగ్గుతుందన్న సంగతి మాత్రం 1970ల నుంచీ తెలిసిందే. నెదర్లాండ్స్‌లో ఇన్సులిన్ తీసుకుంటున్న 390 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మెట్‌ఫార్మిన్, ఇంకో జట్టుకు ఉత్తుత్తి బిళ్ల ఇస్తూ నాలుగేళ్లకు పైగా గమనించారు. 2010లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. మందు వాడినవాళ్లలో బి12 సగటున 19 శాతం తక్కువగా తేలింది. మోతాదు పెరిగేకొద్దీ, ఏళ్లు గడిచేకొద్దీ లోటు పెరుగుతుంది. మీరు వాడుతున్నది రోజుకు 2000 మి.గ్రా., అదీ తొమ్మిదేళ్ల వాడకం.

అది ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. ఆహారంలోని బి12 మాంసకృత్తులను అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి కడుపులోని ఆమ్లం కావాలి. మీరు పరగడుపున వేసుకునే బిళ్ల ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. పైగా బి12 సహజంగా దొరికేది జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే. మాంసం, చేప, గుడ్డు తినని మీకు పాలు, పాల పదార్థాలే దిక్కు. అంటే రావడమే తక్కువ. వచ్చిన కాస్తా ముందు కడుపులో, తర్వాత పేగులో ఆగిపోతోంది.

ఇన్నేళ్లు బాగానే ఉన్నాను కదా అని మీకు అనిపించవచ్చు. మన రోజువారీ అవసరం 2.4 మైక్రోగ్రాములు మాత్రమే. ఒంట్లో, ముఖ్యంగా కాలేయంలో, 2 నుంచి 5 మి.గ్రా. దాకా నిల్వ ఉంటుంది. మైక్రోగ్రాముకు మిల్లీగ్రాము వెయ్యి రెట్లు. ఆ లెక్కన కొత్త సరుకు రావడం తగ్గినా పాత నిల్వ మీద ఏళ్ల తరబడి సంసారం నడిచిపోతుంది. అందుకే లోటు పడిందని ఇంట్లో ఎవరికీ తెలియదు, చాలాసార్లు డాక్టర్లకూ తట్టదు. చివరికి పాదాలు చెబుతాయి.

ఇక్కడే పొరపాటు జరిగేది. షుగర్ ఉన్న మనిషి పాదాలు తిమ్మిర్లంటే అందరి నోటా ఒకటే మాట, ‘షుగర్ నరాలకు పట్టింది’. పట్టి ఉండవచ్చు, కాదనను. కానీ బి12 లోటు కూడా అచ్చం ఇలాగే మొదలవుతుంది. రెండు పాదాల్లోనూ, వేళ్ల చివర్ల నుంచి పైకి. పరీక్ష చేసే డాక్టర్ ట్యూనింగ్ ఫోర్క్ అని రెండు కొమ్ముల లోహపు కడ్డీని చేతి మీద కొట్టి, అది గుయ్యిమంటుండగా మీ బొటనవేలి ఎముక మీద ఆనిస్తారు. ‘అదురు తెలుస్తోందా? ఆగిపోగానే చెప్పండి’ అంటారు. కడ్డీ ఇంకా అదురుతుండగానే ‘ఆగిపోయింది’ అన్నారంటే ఆ నరం కబురు సరిగ్గా మోయడం లేదన్నమాట. తర్వాత కళ్లు మూసుకోమని, మీ వేలిని పైకో కిందికో కదిపి ఎటు కదిలిందో అడుగుతారు. అదీ తప్పు చెబుతున్నా, చీకట్లో నడుస్తుంటే తూలుతున్నా నా అనుమానం బి12 మీదికే ఎక్కువ పోతుంది, ఎందుకంటే ఆ లోటు వెన్నుపాములో ఆ కబుర్లు మోసే దారులనే దెబ్బతీస్తుంది. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఇప్పటిదాకా చేయకపోతే చేయమని అడగండి. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

రక్తంలో బి12 కొలత మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోటు ఉన్నట్టే. 200 నుంచి 300 మధ్య ఉంటే అనుమానం, అప్పుడు మిథైల్ మలోనిక్ ఆమ్లం అనే ఇంకో పరీక్షతో తేల్చుకుంటారు. లోటని తేలితే వైద్యం తేలిక. నరాల బాధ ఉన్నవాళ్లకు సాధారణంగా ఇంజెక్షన్లతో మొదలుపెడతారు, తర్వాత రోజుకు 1000 మైక్రోగ్రాముల బిళ్ల. అవసరం 2.4 అయితే 1000 ఎందుకంటారా? అంత మింగితే ఒక శాతం వరకూ ఆ గుమ్మంతో పనిలేకుండా నేరుగా లోపలికి జారుతుంది, మనకు అది చాలు. చాలాకాలం నిర్లక్ష్యం చేసిన తిమ్మిర్లు పూర్తిగా పోకపోవచ్చు, కాబట్టి వాయిదా వేయకండి. ఇంకో మాట. రక్తం తక్కువగా ఉందని ఎవరైనా ఫోలిక్ యాసిడ్ బిళ్లలు ఒక్కటే ఇస్తే వేసుకోకండి. దాంతో హిమోగ్లోబిన్ మెరుగుపడి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. బి12 లోటు మాత్రం లోపల నరాలను తింటూనే ఉంటుంది.

ఇప్పుడు 7.1 కాస్తా 7.8 అయిన కథ. మూడు నెలల సగటు పరీక్ష, హెచ్‌బీఏ1సీ, నేరుగా షుగర్‌ను కొలవదు. ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో కొలుస్తుంది. ఎర్రకణం ఆయువు సుమారు 120 రోజులు. కొత్త కణాలు సరిగ్గా పుట్టని రక్తహీనతలో, అంటే ఇనుము లోటులోనూ బి12 లోటులోనూ, రక్తంలో ముసలి కణాల పాలు ఎక్కువవుతుంది. ఎక్కువ రోజులు తిరిగిన కణానికి ఎక్కువ చక్కెర అంటుకుంటుంది. షుగర్ పెరగకపోయినా అంకె పెరుగుతుంది. 7.8 అంటే రోజు మొత్తం మీద సగటు షుగర్ 177 దాకా ఉండాలి. మీ వేలి లెక్కలు పరగడుపున 120–130, తిన్నాక 165–175. ఇందులో ఎక్కువది తీసుకున్నా 177 రావడం లేదు, ఇక సగటు ఎక్కడ? ఆ పెరుగుదలలో కొంత రక్తహీనతది అయి ఉండొచ్చని నా అనుమానం. అనుమానమే సుమా. మీరు చూసుకుంటున్నది పొద్దుటి పూట రెండుసార్లే. మధ్యాహ్నం, రాత్రి తిన్న తర్వాత ఎంత ఉంటోందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అక్కడ 220 దాక్కుని ఉంటే 7.8 నిజమే అవుతుంది.

దాక్కున్నదాన్ని పట్టుకోవడానికే సెన్సర్. అమ్మాయి మంచి పనే చేసింది. అదే చేత్తో సీసా కూడా పంపి ఆ సెన్సర్ కళ్లకు గంతలు కట్టింది పాపం. చర్మం కింద ఉండే ఆ సన్నటి తీగ చక్కెరతో జరిగే రసాయన చర్యలో పుట్టే కరెంటును కొలిచి అంకె చూపిస్తుంది. విటమిన్-సి కూడా ఆ తీగ దగ్గర అలాంటి కరెంటే పుట్టించగలదు. తీగకు తేడా తెలియదు, దాన్నీ చక్కెర ఖాతాలోనే రాసేస్తుంది. కొన్ని రకాల సెన్సర్లకు రోజుకు 500 మి.గ్రా. విటమిన్-సి దాటితే, మరికొన్నింటికి 1000 దాటితే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చని వాటితో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది, ఆ కాగితాన్ని మనం డబ్బాతో పాటే పారేస్తాం. మీరు తీసుకుంటున్నది 1000. మీ షుగర్ నిజంగా పెరిగిందో, తీగ పొరబడిందో ఈ లెక్కన ఎవరూ చెప్పలేరు. సీసా ఆపి వారం రోజులు గడవనివ్వండి. తర్వాత భోజనానికి ముందు, షుగర్ నిలకడగా ఉండే సమయంలో, సబ్బుతో చేతులు కడిగి తుడుచుకుని వేలు గుచ్చి చూడండి, అదే నిమిషంలో సెన్సర్ అంకె కూడా రాసుకోండి. రోజుకు రెండుసార్లు, నాలుగు రోజులు. రెండూ ఓ పది పదిహేను తేడాలో నడుస్తుంటే సెన్సర్‌ను నమ్మి మధ్యాహ్నం, రాత్రి భోజనం తర్వాతి గీతలు చూడండి. భోజనం అయిన వెంటనే పోల్చకండి. రక్తంలో జరిగింది చర్మం కింది ద్రవానికి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అప్పుడు తేడా ఎలాగూ ఉంటుంది.

ఇక మీ అసలు ప్రశ్న. విటమిన్లతో, ఖనిజాలతో షుగర్ తగ్గుతుందా? కుండలో నీళ్లు తక్కువైతే పోయాలి. నిండిన కుండలో పోస్తే నేల తడవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఈ శాస్త్రమంతా నాకు ఇంతకుమించి ఏమీ చెప్పలేదు. లోటు ఉన్నవాళ్లకు ఆ లోటు తీరిస్తే షుగర్ కొంచెం మాట వింటుంది. లోటు లేనివాళ్లకు ఎంత పోసినా ఫలితం కనబడదు, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. ఎవరికి లోటుందో సీసాకు తెలియదు.

ఆ సీసాలో ఉన్నవాటిలో మీ విషయంలో ఆలోచించదగ్గది మెగ్నీషియం. ఇన్సులిన్ వచ్చి కణం తలుపు తట్టాక ఆ కబురు లోపలికి అందడానికి మెగ్నీషియం కావాలి. ఒంట్లో 300కు పైగా ఎంజైములు దాని మీద ఆధారపడి పనిచేస్తాయి. షుగర్ ఎక్కువగా ఉంటే మూత్రం ఎక్కువ పోతుంది, మూత్రంతో మెగ్నీషియం పోతుంది, అది తగ్గితే ఇన్సులిన్ పని మందగిస్తుంది, దాంతో షుగర్ ఇంకా పెరుగుతుంది. దీనికి తోడు మీ బీపీ బిళ్లలో మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీటి మందు, పరగడుపు బిళ్ల, ఈ రెండూ మెగ్నీషియం తగ్గించే రకాలే. మెక్సికోలో 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 63 మంది షుగర్ రోగులకు 16 వారాలు మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణమో, ఉత్తుత్తి ద్రావణమో ఇచ్చారు. మెగ్నీషియం అందుకున్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ చివరికి 8.0 ఉంటే, మిగతావాళ్లకు 10.1 ఉంది. వినగానే ఎగిరి గంతేయాలనిపిస్తుంది. కానీ ఆ 63 మందీ ముందే రక్తపరీక్షలో మెగ్నీషియం తక్కువని తేలినవాళ్లు. కుండ ఖాళీ అని చూసి మరీ పోశారు. వడపోత లేకుండా అందరికీ ఇచ్చి చూసినచోట లాభం ఇంత గొప్పగా కనిపించదు.

పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. ఒంట్లోని మెగ్నీషియంలో ఒక్క శాతమే రక్తంలో తిరుగుతుంది. మిగతాదంతా ఎముకల్లో, కండరాల్లో, ఇతర కణాల్లో ఉంటుంది. కాబట్టి రిపోర్టులో తక్కువ వస్తే నిజంగానే తక్కువ. మామూలుగా ఉందని వస్తే మాత్రం లోటు లేదని ఘంటాపథంగా చెప్పలేం. సీసాలోని 500 మి.గ్రా. అంకె కూడా అంతే. అది ఆక్సైడ్ బరువు. అందులో అసలు మెగ్నీషియం 60 శాతం, అంటే 300 మి.గ్రా. దగ్గర. ఆక్సైడ్ రూపంలో పేగు దాన్నీ సరిగ్గా తీసుకోదు. మిగిలిపోయింది నీటిని లాక్కుని విరేచనాలు చేయిస్తుంది. మెట్‌ఫార్మిన్‌తో ముందే కడుపు కలతగా ఉండేవాళ్లకు ఇది గోరుచుట్టుపై రోకటిపోటు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లలో అయితే మెగ్నీషియం బయటికి పోక పేరుకుని గుండెకు ప్రమాదం తెస్తుంది, అందుకే క్రియాటినిన్ చూడకుండా ఎవరికీ ఇవ్వం. పళ్లెంలో దొరికే మెగ్నీషియంతో ఈ తంటాలు లేవు. ఆకును పచ్చగా ఉంచే పదార్థం నట్టనడుమ ఉండేది మెగ్నీషియం అణువే. ఆకుకూర ఏదైనా సరే. పప్పులు, గింజలు, పొట్టు తీయని ధాన్యాలు కూడా మంచివి. ధాన్యాన్ని తెల్లగా మెరిసేలా పాలిష్ పట్టినప్పుడు ముందుగా పోయేవాటిలో ఇదొకటి.

క్రోమియం కథ సరదాగా ఉంటుంది, కాస్త చెప్పనివ్వండి. 1950ల చివర్లో అమెరికాలో క్లాస్ ష్వార్జ్, వాల్టర్ మెర్ట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొన్ని రకాల మేత తిన్న ఎలుకల్లో చక్కెర అదుపు తప్పడం గమనించారు. మేతలో ఏదో తక్కువైందని, ఆ ‘ఏదో’ క్రోమియమని ప్రకటించారు. 1977లో కెనడాలో ఒక రోగి కథ దానికి బలం చేకూర్చింది. నోటితో ఏమీ తినలేక కొన్నేళ్లుగా రక్తనాళంలోకి ఎక్కించే ఆహారం మీదే బతుకుతున్న ఆమెకు షుగర్ పెరిగింది, నరాలు దెబ్బతిన్నాయి. ఎక్కించే ద్రవంలో క్రోమియం కలిపాక ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయింది. అక్కడి నుంచి క్రోమియానికి రెక్కలొచ్చాయి. 1997లో చైనాలో 180 మంది మీద చేసిన అధ్యయనంలో 1000 మైక్రోగ్రాములు తీసుకున్నవాళ్లకు షుగర్ బాగా తగ్గిందన్నారు. తర్వాత ఇతర చోట్ల చేసినవాటిలో కొన్ని ఔనన్నాయి, చాలా కాదన్నాయి. 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ క్రోమియం పికోలినేట్ సీసాల మీద రాసుకోవడానికి ఒక వాక్యం అనుమతించింది. అందులోనే ఆ సంబంధం ‘చాలా అనిశ్చితం’ అని కూడా రాయాలని షరతు పెట్టింది. 2014లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ అయితే క్రోమియం మనిషికి అత్యవసరమనడానికే నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చేసింది. అరవై ఏళ్లు చేతులు మారిన కబురు చివరికి ఇలా తేలింది. రోజూ నోటితో తింటున్న మీకు ఆ రోగికి పట్టిన లోటు పడుతుందని నేననుకోను. దీని మీద డబ్బు పెట్టకండి.

విటమిన్-డి సంగతి మధ్యస్తం. షుగర్ ఇంకా రాకుండా అంచుల్లో ఉన్న 2,423 మందికి అమెరికాలో రోజుకు 4000 యూనిట్ల డి, లేదా ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి సుమారు రెండున్నరేళ్లు చూశారు. 2019లో ఫలితం వచ్చింది. డి తీసుకున్నవాళ్లలో 293 మందికి, తీసుకోనివాళ్లలో 323 మందికి షుగర్ వచ్చింది. ఆ తేడా యాదృచ్ఛికమూ కావచ్చని గణాంకాలు చెప్పాయి. తర్వాత ఇలాంటివే మూడు అధ్యయనాలు కలిపి చూస్తే ముప్పు 15 శాతం దాకా తగ్గినట్టు తేలింది. ఇదంతా షుగర్ రాబోయేవాళ్ల మాట, తొమ్మిదేళ్ల కిందటే వచ్చేసిన మీది కాదు. ఎముకల కోసం మీ వయసులో డి చూసుకోవడం మంచిదే, తక్కువుంటే వేసుకోండి. వారానికి ఒకటి చొప్పున వేసుకోవాల్సిన పెద్ద మోతాదు క్యాప్సూళ్లను రోజుకొకటి మింగేసి, రక్తంలో కాల్షియం పెరిగి వాంతులతో వచ్చేవాళ్లు ఉంటారు, చీటీ మాత్రం రెండుసార్లు చదువుకోండి.

జింక్ గురించి ఒక ముచ్చట. మన క్లోమం ఇన్సులిన్‌ను దాచుకునేటప్పుడు ఆరు అణువులను ఒక మూటగా కడుతుంది, ఆ మూట విడిపోకుండా నడుమ రెండు జింక్ అయాన్లు పట్టుకుని ఉంటాయి. అంత ముఖ్యమైనది. అలాగని సీసాలోని జింక్ వెళ్లి మీ మూటలు కట్టదు. 15 మి.గ్రా. పెద్ద హానీ కాదు. 40 దాటి నెలల తరబడి తింటే రాగి లోటు పడి, అదీ రక్తహీనతకు, తిమ్మిర్లకు దారితీస్తుంది.

నన్ను నిజంగా చికాకు పెట్టింది సెలీనియం. చర్మ క్యాన్సర్ మళ్లీ రాకుండా ఆపగలదేమో చూద్దామని అమెరికాలో సరిగ్గా ఈ 200 మైక్రోగ్రాములే ఇచ్చి ఏళ్ల తరబడి గమనించారు. మొదట్లో షుగర్ లేని 1,202 మందిని 2007లో లెక్క తీస్తే సెలీనియం తీసుకున్నవాళ్లలో 58 మందికి, తీసుకోనివాళ్లలో 39 మందికి షుగర్ వచ్చింది. షుగర్ పేరుతో అమ్మే సీసాలో అదే మోతాదు పెట్టడం నాకు అర్థం కాదు.

బి6 ఇంకో విడ్డూరం. నరాల బలానికని ఇస్తారు. ఎక్కువ మోతాదు ఎక్కువకాలం తీసుకుంటే అదే నరాలను దెబ్బతీసి పాదాల్లో తిమ్మిర్లు తెస్తుంది. రోజుకు 100 మి.గ్రా. దాటకూడదని అమెరికా గీత గీస్తే, ఐరోపా 2023లో దాన్ని 12 మి.గ్రా.కు దించింది. మీ సీసాలోది 50. మీ తిమ్మిర్లు సీసాకు ముందే మొదలయ్యాయి కాబట్టి దాని మీద నేరం మోపను. కానీ తిమ్మిర్లున్న మనిషికి దొరకబుచ్చుకుని ఇవ్వాల్సింది మాత్రం అది కాదు. బయోటిన్‌తో ఇంకో రకం చిక్కు. రక్తపరీక్షల్లో కొన్నింటిని, ముఖ్యంగా థైరాయిడ్ పరీక్షను, గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ పరీక్షను అది తప్పుదారి పట్టిస్తుందని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కొన్ని యంత్రాల్లో బి12 పరీక్షకూ ఇదే ఇబ్బంది. ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తే మీ లోటు ఎవరి కంటా పడదు. సీసా ఆపి వారమైనా గడిచాకే రక్తం ఇవ్వండి, ల్యాబ్‌లో ఆ మాట చెప్పండి.

మీ సీసాలో లేకపోయినా ఒకటి చెప్పాలి. నీటి మందు వాడేవాళ్లకు పొటాషియం తగ్గుతుంది, తగ్గితే క్లోమం ఇన్సులిన్ వదలడం మందగించి షుగర్ పెరుగుతుంది. ఇది పరీక్షలో చూసుకుని డాక్టర్ సరిచేయాల్సింది. సొంతంగా పొటాషియం బిళ్లలు వేసుకుంటే, బీపీ మందుల్లో కొన్నింటితో కలిసి గుండె లయ తప్పించే ప్రమాదం ఉంది. అలాగే కొలెస్ట్రాల్‌కని నియాసిన్ గ్రాముల లెక్కన వాడే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, అది షుగర్ పెంచే విటమిన్ అని తెలిసి ఉండాలి.

రేపు ఇంకెవరైనా ఇంకో డబ్బా తెచ్చిస్తారు, మీ మీద ప్రేమతోనే. అది వేసుకున్న నాలుగు రోజుల్లో షుగర్ ధడేలున పడిపోతే సంతోషించకండి, అనుమానించండి. ‘సహజం’ అని అమ్మిన కొన్నింటిలో లేబుల్ మీద చెప్పని షుగర్ మందులనే కలిపిన సంగతి పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. మెట్‌ఫార్మిన్ మీద ఉన్నవాళ్లకు తెలియకుండా అలాంటిది తోడైతే తెల్లవారుజామున షుగర్ పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ సీసా, మీరు వాడే అన్ని బిళ్లల అట్టలు సంచిలో వేసుకుని వెళ్లండి. బి12, మెగ్నీషియం, పొటాషియం, క్రియాటినిన్ అడగండి. హెచ్‌బీఏ1సీ మీద అనుమానం తీరాలంటే ఫ్రక్టోసమైన్ అనే పరీక్ష ఉంది. అది ఎర్రకణాలతో పనిలేకుండా గడిచిన రెండు మూడు వారాల షుగర్‌ను చెబుతుంది. పరగడుపు బిళ్ల మూడేళ్లుగా ఎందుకు నడుస్తోందో, ఇంకా అవసరమా అన్నది కూడా అడగండి. కడుపు మంట తగ్గాక ఆపడం మరిచిపోయిన బిళ్ల అది కావచ్చు.

చివరిగా ఆ 10.2. మీరు షుగర్ గురించి రాసి హిమోగ్లోబిన్‌ను దారిలో ఒక మాటగా అనేశారు. నా దృష్టి మాత్రం అక్కడే ఆగింది. బి12 లోటు రక్తకణాలను పెద్దవి చేస్తుంది, ఇనుము లోటు చిన్నవి చేస్తుంది. రెండూ కలిస్తే సగటు సైజు మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది. కాబట్టి ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. అది తక్కువ వస్తే ఇనుము బిళ్లలు రాయించుకుని ఊరుకోకండి. నెలసరి ఆగిపోయిన వయసులో ఇనుము ఎక్కడి నుంచి పోతోందని అడగాలి. కడుపులోనో పేగులోనో నెమ్మదిగా రక్తం పోతుంటే అది కంటికి కనబడదు, మలపరీక్షతో, ఎండోస్కోపీతో వెతకాల్సి వస్తుంది. మలం నల్లగా తారులా వస్తున్నా, బరువు తగ్గుతున్నా ఈ వారమే వెళ్లండి. రిపోర్టులు వచ్చాక అంకెలతో మళ్లీ రాయండి, మీ పాదాల సంగతి అప్పుడు ఇంకాస్త ధైర్యంగా చెబుతాను.